కాలువలు కట్టేలోపు ఒక కాగితం

2023 మార్చి. ఆకివీడు దగ్గర మా విశ్వవిద్యాలయానికి ఒక పరిశోధన కేంద్రం ఉంది. అందులో నీటి పరీక్షల ల్యాబ్‌లో నేను సీనియర్ ఎనలిస్టును. నీళ్లు పరీక్షించి, అందులో ఏముందో రాసి, కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. విశ్వవిద్యాలయం పేరు మాత్రం ఇక్కడ రాయను. రాయాలంటే ముందస్తు అనుమతి కావాలి, అది వచ్చేసరికి నేను రిటైరైపోతాను.

పొద్దున్నే మా ల్యాబ్ ముందు చేపల రైతులు, రొయ్యల రైతులు వరసగా నిలబడతారు. చేతిలో కూల్‌డ్రింకు సీసా, అందులో చెరువు నీళ్లు. రొయ్య ఎప్పుడు చచ్చి తేలిపోతుందోనని వాళ్ల భయం. అమ్మోనియా ఎంత ఉంది, ఉప్పదనం ఎంత ఉంది చూసి సాయంత్రానికల్లా రిపోర్టు చేతికిచ్చేస్తాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా దగ్గర రొయ్యకి అంత మర్యాద ఉంది.

ఆ ఏడాది చేపల చెరువుల నుంచి వదిలే మురుగు ఎక్కడికి పోతోందో చూసే ప్రాజెక్టు ఒకటి మాకు వచ్చింది. శాంపిల్స్ కోసం కొల్లేరు అంచున ఒక ఊరికి వెళ్లాం. అక్కడ చేపల చెరువు గట్టును ఆనుకునే ఊరి మంచినీళ్ల చెరువు ఉంది. ఎందుకైనా మంచిదని అందులోంచి కూడా ఒక సీసా పట్టాను. గట్టు మీద నాగమణి అనే ఆవిడ నిలబడి చూస్తోంది. ఆ ఊళ్లో వార్డు మెంబరట.

"మా నీళ్లు ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది.

"పరీక్ష చేస్తే తెలుస్తుందండి" అన్నాను.

తెలిసింది. అమ్మోనియా మితిమీరి ఉంది. కోలిఫాం కూడా ఉంది. మలం కలిసిన నీళ్లలో కనిపించే బాక్టీరియా అది. నమ్మకం కుదరక మళ్లీ వెళ్లి, మళ్లీ పట్టి, మళ్లీ చేశాను. అదే ఫలితం. కోళ్ల ఎరువు వేసి పెంచే చేపల చెరువు నీళ్లు ఒక పాత తూములోంచి తాగే నీళ్లలోకి దిగుతున్నాయి. ఊళ్లో ఫిల్టరు బెడ్లు ఉన్నాయి గానీ ఇంత మురికిని ఆపడం వాటివల్ల కాదు.

డెల్టా వేసవి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఏప్రిల్‌లో మా కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా చుక్క రాదు. కాలువలు కట్టేలోపు ప్రతి ఊరూ మంచినీళ్ల చెరువు నింపుకుంటుంది, వేసవంతా అవే తాగుతుంది. అంటే ఈలోపే ఆ తూము మూయాలి, పాత నీళ్లు తోడెయ్యాలి, కొత్త నీళ్లు పెట్టాలి. ఆ పని చేయించాల్సింది గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారు. ఆయనకు ఒక ఉత్తరం రాస్తే సరిపోతుంది. సగం పేజీ రాసి మా హెడ్డు ప్రసాదరావు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ప్రసాదరావు గారు ఎవర్నీ నొప్పించని మనిషి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మరీ వద్దన్నారు.

"అమ్మా, ఏఈ గారంటే ప్రభుత్వ అధికారి కదండీ."

"అవునండి."

"మరి మనం నేరుగా రాయకూడదు కదండీ. త్రూ ప్రాపర్ ఛానల్ వెళ్దాం."

త్రూ ప్రాపర్ ఛానల్ అంటే మా ఉద్యోగి ఎవరైనా ప్రభుత్వ అధికారికి ఏదైనా చెప్పాలంటే హెడ్డు ద్వారా డీన్‌కి, డీన్ ద్వారా రిజిస్ట్రార్‌కి పంపాలి. ఆయన అనుమతిస్తే ఆయన పేరు మీదే బయటికి పోతుంది. ఆకివీడులో నేనూ ఏఈ గారూ ఒకే రోడ్డు మీద పని చేస్తాం. నా ఉత్తరం మాత్రం తాడేపల్లిగూడెం వైపున్న మా ప్రధాన కార్యాలయానికి వెళ్లి రావాలి.

వెళ్లింది. వచ్చింది. వచ్చింది అనుమతి కాదు, ప్రశ్న. ప్రాజెక్టులో లేని చెరువు నుంచి శాంపిల్ ఎందుకు పట్టారు? జవాబు రాశాను. రెండో ప్రశ్న వచ్చింది. ఈ ఫలితం వల్ల విశ్వవిద్యాలయానికి న్యాయపరమైన చిక్కులు వస్తాయా? చిక్కులు కడుపులో వస్తాయని రాద్దామనుకున్నాను, ప్రసాదరావు గారి మొహం చూసి మానేశాను. అక్కడ కాలువ కట్టే తేదీ ముంచుకొస్తోంది, ఇక్కడ ఒకరు మార్జిన్ సరిగా లేదని ఫైలు తిప్పి పంపారు.

ఏఈ ఖాసిం గారిదీ మా ఏలూరే. ఇద్దరం ఒకే బస్సులో కైకలూరు మీదుగా వస్తాం. ఉండబట్టలేక ఒకరోజు బస్సులోనే విషయమంతా చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"బాధగానే ఉందండి మేడం గారూ. కానీ నోటిమాట మీద నిండు చెరువు ఎలా తోడించమంటారు? రేపు పైనుంచి కాగితమేదని అడిగితే, బస్సులో విన్నానని చెప్పనా?"

"మీరే మా ల్యాబ్‌కి ఒక ఉత్తరం రాసి అడగొచ్చు కదండీ?"

"రాయొచ్చండి. నేను డీఈ గారికి రాస్తే ఆయన ఈఈ గారికి, ఈఈ గారు మీ రిజిస్ట్రార్ గారికి."

ఇద్దరం కూర్చున్నది పక్కపక్క సీట్లలోనే. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీద మండాలో తెలియలేదు.

ఆ మర్నాడే నాగమణి ల్యాబ్‌కి వచ్చింది.

"పరీక్ష చేస్తే తెలుస్తుందన్నారు కదండీ. తెలిసిందాండీ?"

ప్రాజెక్టు ఫలితాలు బయటివాళ్లకి చూపించకూడదు. అది ఇంకో రూలు. బయటికి చూశాను. సీసాలు పట్టుకుని రొయ్యల రైతులు నిలబడి ఉన్నారు. అప్పుడు తట్టింది నాకు. కడిగి స్టెరిలైజ్ చేసిన సీసా ఒకటి ఆవిడ చేతికిచ్చాను.

"మీ చెరువు నీళ్లు దీంట్లో పట్టుకురండి. వాళ్లకి ఇచ్చినట్టే మీకూ రిపోర్టు ఇస్తాను."

"అదేంటండీ! మొన్న మీరు పట్టుకెళ్లినవీ ఆ నీళ్లే కదండీ?"

"ఆ నీళ్లేనండి. కానీ అవి మావి, ఇవి మీవి."

నన్ను వింతగా చూసింది. అయినా "ఆయ్, అలాగేనండి" అని వెళ్లి, మధ్యాహ్నానికల్లా తెచ్చింది. కోలిఫాం పరీక్షకి ఆగాల్సిన సమయం ఆగి, రిపోర్టు ఆవిడ పేరున ఇచ్చాను. ఆవిడ దానికి ఒక ఫిర్యాదు జతచేసి తిన్నగా ఖాసిం గారి ఆఫీసుకి తీసుకెళ్లింది. పౌరులు ఇచ్చిన ఫిర్యాదు మీద ఆయన వెంటనే కదలొచ్చు. కదిలారు కూడా. తూము మూయించారు, మోటార్లు పెట్టి చెరువు తోడించారు, కాలువ నీళ్లు పెట్టించారు.

చెరువు సగం నిండేసరికి కాలువలు కట్టేశారు.

మే నెలలో శాంపిల్స్‌కి ఆ ఊరు మళ్లీ వెళ్లాను. ఎండలో ట్యాంకరు దగ్గర బిందెల వరస ఉంది, అందులో నాగమణి కూడా ఉంది. మనసు ఆగక, మేం ఎందుకు ఆలస్యం చేశామో ఆ రూలంతా వివరించాను. అంతా విని మెల్లిగా అడిగింది.

"మీ రూల్లో మీరున్నారు, ఆఫీసర్లున్నారు. తాగేవాళ్లం మేం ఎక్కడున్నామండీ?"

ఇంటికొచ్చాక ఆ రూలు తీసి మళ్లీ చదివాను. ఆవిడ అందులో ఎక్కడా లేదు.

జూన్‌లో కాలువలు వదిలాక రిజిస్ట్రార్ గారి అనుమతి వచ్చింది. "చూశారా అమ్మా, వచ్చేసింది" అని ప్రసాదరావు గారు సంతోషపడ్డారు. రిజిస్ట్రార్ గారి పేరు మీదే ఉత్తరం ఏఈ గారికి పంపాను, పంపకపోతే దానికీ సంజాయిషీ ఇవ్వాలి.

ఆ రూలు ఊరికే పెట్టారని నేను అనను. ఎవరికి తోచింది వాళ్లు అధికారులకి రాసిపడేస్తే తప్పుడు లెక్క మీద ఒక రైతు చెరువు మూతపడొచ్చు. కానీ కాలువ మా ఫైలు కోసం ఆగదు. అందుకే ఇప్పుడు తాగే నీళ్లు పరీక్షకి పట్టేటప్పుడు ప్రాజెక్టుకి ఒక సీసా, ఆ ఊరి మనిషి పేరున ఒక సీసా పడుతున్నాను. ఇలా పట్టిన మొదటి సీసా రిపోర్టు మీద హెడ్డు సంతకం కూడా ఉంటే మంచిదని ముందు పెట్టినప్పుడు ప్రసాదరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇది రూలు ప్రకారమేనా అమ్మా?"

"రొయ్యలకి ఇస్తున్నాం కదండీ" అన్నాను.

ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు.