తొమ్మిది గుంతల కొబ్బరికాయలు

నేను ప్రాక్టీసు మానేయడానికి మూడేళ్ల ముందు, వినాయక చవితి వెళ్లిన మూడో రోజున, రాయగడ నుంచి వచ్చిన ఒక కేసు నా బల్ల మీదకు చేరింది. అప్పటికి నేను కటక్‌లో ఉంటూ కట్టడాల తగాదాలు, విద్యుత్ ప్రాజెక్టుల తగాదాలు మాత్రమే చూస్తున్నాను. ఇవి ఎక్కువగా ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి ముందు నడుస్తాయి. ఆయన ఇచ్చే తీర్పును అవార్డు అంటారు. కోర్టు డిక్రీకి ఉన్నంత బలమూ దానికి ఉంటుంది.

కక్షిదారు సింహాద్రి మావయ్య. రాయగడలో మా నాన్నగారి కిరాణా కొట్టు పక్కనే ఆయన సిమెంటు గోదాము ఉండేది. నన్ను గౌను వేసుకునే వయసు నుంచీ ఎరుగును. కల్యాణసింగ్‌పూర్ అవతల కొండల్లోని ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు తెచ్చే లైనుకు ఇరవై రెండు టవర్ల పునాదులు వేసే పని ఆయన తీసుకున్నాడు. పని ఆలస్యమైందని, తప్పంతా కాంట్రాక్టరుదేనని చెప్పి, పని ఇచ్చిన కంపెనీ ఒప్పందం రద్దు చేసింది. ఆ మాటే నిలబడితే, ఇక మీదట ప్రతి టెండరు ఫారంలోనూ 'మీ పని ఎప్పుడైనా రద్దయిందా' అన్న గడిలో ఆయన అవునని రాయాలి. అలా రాసినవాడికి ఎవరూ పని ఇవ్వరు. ముప్పయ్యేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు ఆ ఒక్క గడిలో పోతుంది.

మా వాదన ఒక్కటే: తొమ్మిది టవర్ల జాగా కంపెనీయే ఆలస్యంగా అప్పగించింది. కాదు, మొదటి నెలలోనే అన్నీ ఇచ్చేశామని కంపెనీ సైటు ఇంజినీరు నాయక్ బాబు ప్రమాణపత్రం దాఖలు చేశాడు. ఇలాంటి పేచీల కోసమే సైటులో అడ్డంకుల రిజిస్టరు పెడతారు. పని ఆగిన ప్రతిసారీ తేదీ, కారణం, అడ్డు తొలగిన తేదీ రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి. మావయ్య రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండుగా ఉంది. కంపెనీ ఇంజినీరు సంతకం గడి మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఖాళీ! సంతకం లేని రిజిస్టరు మధ్యవర్తి ముందు చిత్తు కాగితంతో సమానం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజూ మీ మెస్సులోనే భోంచేసే మనిషిని ఒక్క సంతకం అడగలేకపోయారా అని ఫోనులోనే నిలదీశాను.

"అదే కదమ్మి! మన కంచంలో అన్నం తిన్నోడిని సంతకం ఎట్టమని ఎలాగ అడుగుతాం? నమ్మలేదనుకోడేటి?" అన్నాడు మావయ్య.

మొగమాటం మొదలంటా ముంచుతుందని మా నాన్నగారు ఊరికే అనేవారు కాదు. కోపం దిగమింగుకొని రాయగడ వెళ్లాను. రెండు రోజులు కాగితాలన్నీ తిరగేశాను, పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. రెండో రోజు మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ మావయ్య భార్య పార్వతత్తయ్య దేవుణ్ని తిట్టడం మొదలుపెట్టింది.

"సూడమ్మి, ఒక్క గుంతకైనా కాయ కొట్టకుండా పని మొదలెట్టేరేటి? కుళ్లిన కాయ కొట్టేస్తారేమోనని అన్నిటికీ ఫొటోలు అంపమన్నాను. అయినా దేవుడు మనకిలాగ సేసేడు," అని తన ఫోను నా చేతిలో పెట్టింది.

ఇరవై రెండు గుంతలకూ ఫొటోలున్నాయి. ప్రతి ఫొటోలోనూ కొబ్బరికాయ పట్టుకున్నది నాయక్ బాబే. జాగా చూపించినవాడి చేతే మొదటి కాయ కొట్టించడం మావయ్య దగ్గర ఆచారమట. అతని కాళ్ల ముందు నేల మీద తెల్లగా సున్నం గుర్తు. తినే చేత్తోనే ఫొటో పెద్దది చేసి చూశాను. టవరు మధ్య బిందువుకు సున్నంతో గుర్తు వేసి ఇవ్వడం, ఒప్పందం ప్రకారం, కంపెనీ ఇంజినీరు పని. ఆ గుర్తు పడకుండా కాంట్రాక్టరు గునపం దించకూడదు. పేచీలో ఉన్న ఆ తొమ్మిది టవర్ల ఫొటోలూ అత్తయ్యకు చేరిన తేదీలు, జాగా అందిందని రిజిస్టరులో రాసిన తేదీలతో సరిగ్గా సరిపోయాయి.

ఫోను ఎవరిదో, ఫొటోలు ఎలా వచ్చాయో చెప్పే ధ్రువపత్రం మీద అత్తయ్య సంతకం తీసుకొని దాఖలు చేశాను. గడువు దాటిందని అవతలి వకీలు అభ్యంతరం చెప్పాడు. మధ్యవర్తిగా ఉన్న విశ్రాంత చీఫ్ ఇంజినీరు ఫొటోలు చూసి, అనుమతించారు.

విచారణ కోరాపుట్‌లో, ఒక అతిథి గృహం హాల్లో జరిగింది. నాయక్ బాబును అబద్ధాలకోరుగా నిలబెట్టి ఉతికేయాలని నలభై ప్రశ్నలు రాసుకొని వెళ్లాను. మెట్ల దగ్గర మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మి, ఆడి ఉద్యోగం పోయేలాగ అడక్కు. ఆఫీసోళ్లు రాసిచ్చిన కాగితం మీద సంతకం ఎట్టుంటాడు, పాపం," అన్నాడు. మీ పేరు పోతుంటే వాడి మీద జాలేమిటని విసుక్కున్నాను. లోపలికి వెళ్లి కూర్చున్నాక ముప్పై ఆరు ప్రశ్నలు కొట్టేశాను.

మిగిలినవి నాలుగు. కాయ పట్టుకున్నది మీరేనా? అవునన్నాడు. సున్నం గుర్తు ఎవరు వేశారు? తానే అన్నాడు. గుర్తు వేయకముందు తవ్వవచ్చా? కూడదన్నాడు. ఈ గుర్తు ఎప్పుడు వేశారు?

ఇక్కడ అతను 'పాత గుర్తునే మళ్లీ దిద్దాను' అంటే చాలు, మా కేసు అక్కడితో సరి. నాయక్ బాబు మావయ్య వైపు చూశాడు. ఆయన తల దించుకొని కూర్చున్నాడు. నాయక్ బాబు, కాయ కొట్టిన రోజు పొద్దున్నే వేశానని, తొమ్మిదింటికీ అంతేనని హిందీలో చెప్పాడు. నేను కూర్చున్నాను.

రద్దు చెల్లదని, ఆలస్యానికి కంపెనీయే కారణమని అవార్డు వచ్చింది. సాక్షి నిజాయితీగా జవాబిచ్చాడని మధ్యవర్తి అందులో ప్రత్యేకంగా రాశారు. నాయక్ బాబును వేరే సైటుకు మార్చారు, ఉద్యోగం నిలిచింది. నేను గెలిచిన కేసుల్లో దీనికన్నా పెద్దవి చాలా ఉన్నాయి. కానీ ఆ నాలుగు ప్రశ్నల విషయంలో ఉన్నంత గర్వం నాకు ఇంకెక్కడా లేదు. ఎందుకు దాచుకోవాలి?

ఆ తర్వాత నా జూనియర్లకు రెండు మాటలు నేర్పాను. కక్షిదారు ఫైలులో పెట్టింది చదవండి, పెట్టనిది ఇంటికి వెళ్లి అడగండి. కావలసిన జవాబు రాగానే కూర్చోండి.

మరుసటి ఏడు మావయ్యకు మునిగుడ దగ్గర కొత్త పని దొరికింది. టెండరు ఫారంలో ఆ గడిలో లేదని రాశాడు. మొదటి గుంత దగ్గరికి నన్నూ పిలిచాడు. అక్కడి ఇంజినీరు ముందు రిజిస్టరు తెరిచి, పెన్ను ఇచ్చి, సంతకం పడేదాకా నిలబడ్డాడు. తర్వాతే కొబ్బరికాయ అతని చేతికిచ్చాడు. అత్తయ్య ఫోనుకు ఇప్పుడు గుంతకు రెండు ఫొటోలు వెళ్తున్నాయి.