గెడ్డలో దిగిన బావ కారు

లోకంలో తెలివితక్కువవాళ్లు చాలామంది ఉన్నారు. వానొస్తే వాళ్లు కూడా ఇంట్లోనే కూర్చుంటారు. అరువు తెచ్చిన కారేసుకుని వరదలోకి దిగిన ఘనుణ్ని నేను. ఆ కారుకి నా చేతుల్లో ఏ గతి పట్టిందో చెబుతాను. మీకు కారుంటే ముందు తాళాలు దాచుకోండి.

కారు మా ఆవిడ పార్వతి అన్న సూరిబాబుది. నరసన్నపేటలో కొత్తగా కొన్నాడు. "ఆదివారం అమ్మాయికి పెళ్లికొడుకుని సూడ్డానికి ఎల్లాలి బావా, ఈలోగా తెచ్చెయ్యి" అని మరీ మరీ చెప్పి తాళాలిచ్చాడు. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

మా శృంగవరపుకోట వస్తుంటే దారిలో గెడ్డ పొంగి రోడ్డు మీద పారుతోంది. గొడుగేసుకుని నిలబడ్డ ముసలాయన చెయ్యూపాడు.

"బాబూ, దిగకు! మోకాల్లోతు ఉన్నాది!"

"కారు నడిపేది ఆయనా, నేనా?" అన్నాను పక్క సీట్లో ఉన్న పార్వతితో.

"కారు మా అన్నది" అంది పార్వతి.

దిగాను. నడి గెడ్డలో ఇంజిను ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. నా చెప్పులు కారులోనే తేలాయి. అప్పుడైనా బుర్ర పనిచేసిందా? అబ్బే! అలిగిన అల్లుణ్ని బతిమాలినట్టు తాళం తిప్పుతూనే ఉన్నాను. లోపల ఏదో టక్‌మంది. చివరికి ట్రాక్టరుకి కట్టి ఇంటిదాకా లాగించాం.

"అన్నకి చెప్పండి. మెకానిక్కుని పిలవండి."

"ఏటి కంగారు? ఫోను తడిస్తే బియ్యంలో పెట్టమా? కారూ అంతే."

"బియ్యం డబ్బా ముట్టుకున్నారంటే సూడండి!"

సరే, వరండాలో ధాన్యం బస్తా ఉంది కదా! విప్పి మ్యాట్ల కింద, సీట్ల కింద దట్టంగా పోశాను. అద్దాలు బిగించి టార్పాలిన్ కప్పాను. ఇంత తెలివి ఒక్క బుర్రలోనే ఉండిపోతోందే అని బాధ కూడా పడ్డాను. బావ ఫోన్ చేసినప్పుడల్లా "కారు దివ్యంగా ఉంది" అన్నాను.

శనివారం బావే వచ్చేశాడు. టార్పాలిన్ లాగి తలుపు తీశాడు. ముందు వాసనొచ్చింది. పక్కింటి కుక్క లేచి వీధి మారింది. ఆ తర్వాత కనబడ్డాయి, సీట్ల కింద లేతగా, నిటారుగా, వేలెడేసి వరి మొలకలు.

"ఏటిది బావా?"

"తేమ పీలుస్తాదని..."

బావ తాళం తిప్పాడు. ఇంజిను పలకలేదు.

"నీళ్లలో ఆగిపోయాక మళ్లీ తిప్పావా?"

"కొంచెం."

"ఇంజిన్లోకి నీళ్లెల్లాక తిప్పితే ఇంకేటుంటాది, నా బొంద!"

ఆదివారం బావ కుటుంబమంతా పట్టుబట్టలతో బస్సులో నిలబడి పెళ్లికొడుకుని చూడ్డానికి వెళ్లింది. కారు మెకానిక్కు దగ్గరికి పోయింది. బావ వెళ్లేముందు నాతో ఒక్కటే మాటన్నాడు.

"ఇంజిను సంగతి మెకానిక్కు సూస్తాడు. ఊడుపులకి మనుషుల్ని నువ్వు మాటాడు."

ఆ రోజే స్నానం చేసి, తూర్పుకి తిరిగి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెవరి కారులోనూ వరి వెయ్యను. పెసలు కూడా వెయ్యను. మీరు నిశ్చింతగా నమ్మొచ్చు. నాకు కారిచ్చేవాడు రెండు జిల్లాల్లో ఒక్కడూ మిగల్లేదు.