చెక్కు వేయబోయి చుక్కలు వేయించుకున్నా

పోయిన మంగళవారం నేను బ్యాంకులో చెక్కు వేసొస్తానని ఇంట్లో చెప్పి పోయి, రెండు కండ్లలో చుక్కలు వేయించుకొని వచ్చినా. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయొద్దు. మొత్తం విన్నాక ఒకేసారి నవ్వుకోండి.

నాది రాయచోటిలో స్టీలు పాత్రల అంగడి. కౌంటరు మీద స్కానింగు బోర్డు పెట్టినప్పటినుంచి నేను బ్యాంకు గడప తొక్కిందే లేదు. గరిటె కొన్నా గంగాళం కొన్నా జనం ఫోను చూపిస్తారు, టింగుమంటాది, పోతారు. చిల్లర వేసే డబ్బాలో ఇప్పుడు రబ్బరు బ్యాండ్లు ఉండాయి.

అట్లాంటిది మూడు నెలల కింద ఒక కల్యాణ మండపం కమిటీ వాళ్లు వంటపాత్రలు కొని చెక్కు చేతిలో పెట్టినారు. "ఫోన్లో కొట్టండప్పా" అంటే, "కమిటీ దుడ్లు గదా శెట్టీ, ఇద్దరి సంతకాలు పడాల" అన్నారు. సరేనని గల్లాపెట్టెలో పెట్టినా. రేపు వేద్దాం, ఎల్లుండి వేద్దాం అనుకుంటానే ఉన్నా. మంగళవారం మధ్యాన్నం మా ఆవిడ సుశీల పెట్టె సర్దుతా ఆ కాయితం బయటికి తీసింది. తేదీ చూస్తే, మూడు నెలల గడువు ఆ పొద్దుతో ఆఖరు.

"దాటిపోతే ఇంకోటి రాయించుకో" అంది సుశీల.

అది అయ్యే పని కాదు. ఈ లోపల కమిటీ అధ్యక్షుడికీ కోశాధికారికీ చెడింది. ఒకరున్న టీ అంగడికి ఇంకొకరు రారు. ఒకే కాయితం మీద మళ్లీ ఇద్దరి సంతకాలు పడేది ఈ జన్మలో లేదు. అన్నం సగంలో వదిలేసి, ఎండకు నెత్తికి తువ్వాల చుట్టుకొని స్కూటరు తీసినా.

ఇరవై ఏండ్లు తిరిగిన బ్యాంకు. కండ్లు మూసుకొని కూడా పోగలను. ఇంచుమించు అట్లనే పోయినా. మెట్ల దగ్గర అదే సెక్యూరిటీ ఖాదర్ అదే నీలం చొక్కాలో కూర్చోనుండాడు.

"రాండి శెట్టన్నా, శాన్నాళ్లకు. టోకెన్ తీసుకోండి" అన్నాడు.

లోపల అదే గాజు కౌంటరు. గోడలకు కొత్త రంగు, ఏసీ చల్లగా ఉండాది. కౌంటరు వెనక ఆడపిల్ల నా పేరు, ఫోన్ నంబరు అడిగి కంప్యూటర్లో కొట్టుకునింది.

"ఫస్ట్ టైమా సార్?"

"కాదమ్మా. ఇరవై ఏండ్లుగా ఈడికే వస్తాండా."

ఆ పిల్ల నన్నొకసారి చూసింది. "ఏం ప్రాబ్లం?"

"ఈ పొద్దు దాటితే ఇంక పనికి రాకుండా పోతాదమ్మా."

ఆ పిల్ల మొహం మారింది. "ఇంతవరకు ఏం చేస్తున్నారు సార్? ఒకటేనా, రెండా?"

"ఒకటే."

"కుడా, ఎడమా?"

చెక్కులు ఎప్పుడూ కుడిపక్క కౌంటర్లోనే గదా తీసుకునేది. "కుడి" అన్నా.

ఆ పిల్ల ఏదో రాసుకొని, "అర్జెంట్" అని లోపలికి కేకేసింది. నాకంటే ముందు పదిమంది ఉన్నారు. వాళ్లందరినీ దాటించి నన్ను పేరు పెట్టి పిలిచి, చేయి పట్టుకొని తీస్కపోయి మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టినారు. ఇరవై ఏండ్లలో ఆ బ్యాంకులో నన్ను ఎవరూ కూర్చోమన్నది లేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పోటీ ఎక్కువైంది కదా, బ్యాంకులు బాగుపడినాయి అనుకున్నా.

తెల్లకోటు వేసుకున్న ఒకామె వచ్చి, "తల పైకెత్తండి, కన్ను పెద్దగా తెరవండి" అనింది. ఆధార్‌కు కండ్లు ఫోటో తీసింది గుర్తొచ్చింది. కేవైసీ ఏమో అనుకొని తెరిచినా. చల్లగా చుక్క పడింది. ఇంకో కంట్లో కూడా వేసి, "అరగంట కండ్లు మూసుకొని కూర్చోండి" అని పోయింది.

చెక్కు వేసేదానికి కంట్లో చుక్కలెందుకమ్మా అని అడగొచ్చు. అడగలేదు. ఈ మధ్య బ్యాంకుల్లో ఏమడిగినా కొత్త రూలు అంటాండారు. నోరు మూసుకొని, కండ్లు కూడా మూసుకొని కూర్చున్నా.

పక్కనున్న అవ్వ పలకరించింది. "నీది ఆపరేషనా నాయనా?"

"లేదవ్వా, చెక్కు."

"చెకప్పా. నాది ఆపరేషను. రేపు పొద్దున కోస్తారంట."

బ్యాంకులో కోసేది ఏముంటాదని కండ్లు తెరిచినా. ఎదురుగా గోడ మీద అక్షరాల చార్టు. పైన పెద్దక్షరం ఒక్కటే కనిపిస్తాండాది, కిందవన్నీ చీమల బారులాగా అలుక్కుపోతాండాయి. అప్పుడు తెలిసింది, నేను కూర్చునింది కండ్ల ఆసుపత్రిలో అని.

నన్ను డాక్టరు దగ్గరికి తీస్కపోయినారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా. చిన్న వయసు డాక్టరు, నవ్వు ఆపుకోడానికి శానా కష్టపడినాడు.

"బ్యాంకు ఏడాది కిందే ఖాళీ చేసిందండీ. వేరే బ్రాంచిలో కలిపేసినారు. బయట మా బోర్డు ఉంది కదా, మనిషంత కన్ను బొమ్మ. అది మీకు కనపడలేదా?"

"కనపడలేదు సార్."

"అయితే మీరు సరైన చోటికే వచ్చినారు" అన్నాడు.

ఎట్లాగూ చుక్కలు వేసినాం గదా అని పరీక్ష కూడా చేసి, అద్దాలకు చీటీ రాసిచ్చినాడు. సాయంత్రం దాకా బండి నడపొద్దని చెప్పినాడు. బయటికొచ్చి ఖాదర్‌ను అడిగినా, "ఇది బ్యాంకు కాదని చెప్పొచ్చు గదప్పా" అని.

"కండ్లకు వచ్చినావనుకుంటినన్నా. బ్యాంకుకు ఇప్పుడు ఎవరు పోతారు? నన్నే వద్దనిరి, ఈడ చేరినా" అన్నాడు. నా స్కూటరు నీడలో పెట్టి, మస్తాన్ అనే ఆటో అతన్ని పిలిచి, బైపాస్ పక్కనున్న కొత్త బ్రాంచికి పొమ్మని ఎక్కించినాడు.

పోయేసరికి మూడు దాటింది. చెక్కులు మూడున్నర వరకే. ఎండకు కండ్లు తెరవలేకపోతి, మస్తానే చేయి పట్టుకొని దించినాడు. లోపల మనుషులే లేరు. యాడనో మూల ఒక మేడమ్ గొంతు మాత్రం వినపడింది. "చెక్కయితే స్లిప్పు రాసి డబ్బాలో వేయండి సార్."

ఇదివరకు అయితే పెన్ను అడిగేవాళ్లు, స్లిప్పు రాసిచ్చేవాళ్లు, వద్దన్నా సలహా చెప్పేవాళ్లు నలుగురన్నా ఉండేవాళ్లు. ఇప్పుడు ఉన్నది మస్తాన్ ఒక్కడే. పాపం అతనే రాసి, చెక్కుకు పిన్ను కొట్టి నా చేతిలో పెట్టి, ఆటో అడ్డంగా ఉందని బయటికి పోయినాడు. నేను దాన్ని జేబులో పెట్టుకొని, రెండు చేతులా తడుముకుంటా పోయి డబ్బా సందు పట్టుకొని, జేబులో కాయితం తీసి వేసేసినా. పెద్ద బరువు దిగినట్టయింది.

ఆటోలో కూర్చొని, జేబులో చీటీ తీసి మస్తాన్‌కు ఇచ్చినా. "అద్దాల షాపు దగ్గర ఆపప్పా, పేరు రాసుంటారు చూడు."

మస్తాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. "ఇది చెక్కు గదన్నా."

మళ్లీ లోపలికి పరిగెత్తినాం. ఇంక పది నిమిషాలుంది. నేను చెప్పేది విని మేడమ్ తాళం తెచ్చి డబ్బా తెరిచింది. డబ్బాలో ఉన్నది ఆ ఒక్క కాయితమే.

"ఈ వారంలో ఈ డబ్బాలో పడింది ఇదొక్కటే సార్" అని పైకి చదివింది. "రెండు కళ్లకూ అద్దాలు, తప్పనిసరి." చదివి, ఏమీ జరగనట్టు చెక్కు తీసుకొని, రసీదు మీద ముద్ర గుద్ది, చీటీతో కలిపి ఇచ్చింది. ఆ గుద్దిన చప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టు వినపడింది.

మేడమ్‌కు రెండుసార్లు దండం పెట్టినా. తలుపు పక్కన ఇంకో సారు నిలబడి ఉండాడు. తెల్ల చొక్కా, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మేనేజరేమో, చెప్పకుండా పోతే బాగుండదని "శానా ఉపకారం సార్, పోయొస్తా" అని ఆయనకూ ఒక దండం పెట్టినా. ఆయన ఉలకలేదు, పలకలేదు.

"ఎంత పెద్ద ఉద్యోగమైతే మాత్రం, ఒక మాట పలికితే ఏం పోతాదప్పా?" అన్నా ఆటో ఎక్కినాక.

"అది పాసుబుక్కులు ప్రింటేసే మిషనన్నా" అన్నాడు మస్తాన్.