కస్తూరమ్మ సాక్ష్యం

తిరువళ్ళూరులో రైలు గేటు దాటి కొంచెం ముందుకు పోతే తెలుగు మాట్లాడే కిరస్తానీ ఇళ్ళు కొన్ని వరసగా ఉండేవి. మగవాళ్ళు చాలామంది ఆవడి ఫ్యాక్టరీలకు పొద్దున్నే బండెక్కి పోయేవారు. ఆడవాళ్ళు మిల్లుల్లోనో, కట్టడాల దగ్గరో కూలికి పోయేవారు. ఆ వరసలో కస్తూరమ్మది చివరి ఇల్లు. భర్త తంగరాజు ఆవడిలో కాంట్రాక్టు పని చేసేవాడు. కస్తూరమ్మ ధర్మలింగం గారి రైసు మిల్లులో వడ్లు ఆరబోయడం, చెరగడం చేసేది. పాటంటే ఆమెకు ప్రాణం. ఆదివారం చర్చిలో ఆమె గొంతు అందుకుంటేనే మిగతావాళ్ళ గొంతు లేచేది.

అదే మిల్లులో మోటారు నడిపే మనిషి రత్నస్వామి. అదే వీధి, అదే చర్చి. చెడ్డవాడేం కాదు. మాటకారి, కాస్త తొందర మనిషి.

డెబ్బై నాలుగు వేసవిలో ఒక మధ్యాహ్నం మిల్లులో పొట్టు తీసే హల్లర్ నోటికి గడ్డి చుట్టుకుని వడ్లు దిగడం మానేశాయి. రత్నస్వామి మోటారు ఆపి, "కస్తూరమ్మా, ఆ గడ్డి కొంచెం లాగెయ్" అని బయటికి పోయాడు. ఆమె చెయ్యి లోపల పెట్టి గడ్డి లాగుతూ ఉంది. బయట ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న రత్నస్వామి, ఆ మాటల్లోనే లోపలికి వచ్చి, ఆమె వైపు చూడకుండానే స్విచ్చి వేశాడు.

ఆమె కేక వీధి దాకా వినిపించింది. కుడిచేతి చూపుడు వేలూ, మధ్యవేలూ పోయాయి. బొటనవేలు ఉన్నా పట్టు లేకుండా పోయింది.

ఆసుపత్రి మంచం మీద ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ధర్మలింగం గారు వచ్చి ఏం జరిగిందని అడుగుతుంటే రత్నస్వామి జవాబు ఆమెకు స్పష్టంగా వినిపించింది.

"మోటారు తిరగతా ఉంటే చెయ్యి పెట్టేసింది సార్. నేను అరిచినా. వినలా."

ఆమె కళ్ళు తెరిచి చూసింది. రత్నస్వామి గోడ వైపు చూస్తున్నాడు.

ఆ ఒక్క మాటతో మిల్లులో ఆమె పని పోయింది. వీధిలో అందరూ అయ్యో అన్నారు గానీ, ఆ అయ్యో చివర "కొంచెం చూసుకోవాల్సింది" అని తగిలించేవారు. ఆవడి నుంచి పరుగున వచ్చిన తంగరాజు మంచం పక్కన కూర్చుని, కట్టు కట్టిన చేతిని చూస్తూ, "తిరిగే మిషన్లో నువ్వే పెట్టినావా మే?" అన్నాడు. కాదని చెప్పింది. అతను తలూపాడు. నమ్మాడో లేదో ఆ తలూపడంలో తెలియలేదు. ఆమె అటు తిరిగి పడుకుంది.

ఇంటికి వచ్చాక అన్నం కలుపుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఎడమచేత్తో నేర్చుకోవాల్సి వచ్చింది. అన్నిటికన్నా జడ ఆమెను ఏడిపించింది. ఒంటిచేత్తో జడ అల్లడం ఎలా? ఒకరోజు జుట్టు విరబోసుకుని గడపలో కూర్చుని ఏడుస్తుంటే, ఎదురింటి నుంచి కోకిల వచ్చి, ఏమీ అడగకుండా వెనక కూర్చుని దువ్వెన అందుకుంది.

కోకిల రత్నస్వామి భార్య. అప్పుడు నిండు నెలలతో ఉంది. జరిగింది ఆ పిల్లకు తెలియదు.

"నేనుండాను గదక్కా. రోజూ వచ్చి అల్లేసి పోతా" అంది.

నీ మొగుడే నా చేతిని ఇట్లా చేశాడని నోటి దాకా వచ్చింది. నిండు మనిషికి ఎలా చెప్పడం? కస్తూరమ్మ మాట మింగేసింది. కోకిల మాట తప్పలేదు. కాన్పు అయ్యాక కూడా బిడ్డను చంకన వేసుకుని వచ్చి జడ వేసేది. ఆ ఇంటి మనిషి ఒకడి మీద కడుపు మండుతుంటే, అదే ఇంటి మనిషి వేళ్ళు తల నిమురుతున్నాయి. దేవుడు తనతో ఏం ఆట ఆడుతున్నాడో కస్తూరమ్మకు అంతుపట్టేది కాదు.

చర్చికి పోవడం మానలేదు. పాట మాత్రం తగ్గింది. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ కలిసి చెప్పేటప్పుడు, ఇతరులను క్షమించే మాట దగ్గర ఆమె నోరు ఆగిపోయేది. అందరి గొంతులూ ముందుకు పోయేవి, ఆమె వెనకబడిపోయేది. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆదివారం వస్తే ఒంట్లో బాగాలేదని వెనక వరసలోనే కూర్చునేది.

పాస్టరు ఆరోగ్యస్వామి అయ్యగారు అది గమనించి అడిగారు. ఆమె ఆయనకొక్కరికే అంతా చెప్పింది. ఆయన రత్నస్వామిని పిలిపించి అడిగితే, అతను ముందు చెప్పిందే చెప్పాడు. అయ్యగారికి ఏం చేయాలో తోచలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరినీ ముందుకు పిలిచి, ఏదో మనస్పర్థ అన్నట్టుగా, "చేతులు కలపండమ్మా" అన్నారు. రత్నస్వామి చెయ్యి చాచాడు. అందరూ చూస్తున్నారు. కస్తూరమ్మ ఎడమచెయ్యి ఇచ్చింది. పెద్దవాళ్ళు స్తోత్రం అన్నారు.

ఇంటికి వచ్చి ఆమె నిండు నీళ్ళ కుండను గుమ్మంలోకి విసిరికొట్టింది.

సాయంత్రం అయ్యగారే ఇంటికి వచ్చారు. పెంకులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆయన వాటిని దాటి లోపలికి రాలేదు, కూర్చుని ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టారు.

"నేను తొందరపడినానమ్మా. నీ గాయం మీద నేను పండగ చేసినా. నన్ను మన్నించు" అన్నారు.

"నా వల్ల కాదయ్యగారూ. వాణ్ణి చూస్తే నాకు చెయ్యి మళ్ళా కోసినట్టుంటుంది."

"కాదంటే కాదనే ప్రభువుకు చెప్పు. అబద్ధం చెప్పొద్దు. రత్నస్వామి పేరు మాత్రం రోజుకొకసారి దేవుని ముందర పలుకు. ఇంకేం అడగొద్దు. మంచీ అడగొద్దు, చెడ్డా అడగొద్దు."

"వట్టి పేరా?"

"వట్టి పేరే. అది కూడా నీకు కష్టమే, చూస్తా ఉండు."

నిజంగానే కష్టమయింది. కొన్నాళ్ళు ఆ పేరు పలికితే పళ్ళు బిగుసుకునేవి.

ఆ అయ్యగారే తిరుత్తణిలో చర్చి వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ఆమెకు వంటింటి పని ఇప్పించారు. పొద్దున్నే బండెక్కి, అరక్కోణంలో మారి, తిరుత్తణిలో దిగేది. అక్కడి కొండ మీది మురుగన్‌కు ఆడి కృత్తిక పండగ వస్తే రైలుపెట్టె నిండా కావళ్ళు, పసుపు బట్టలు, మురుగా మురుగా అన్న కేకలు. నిలబడే చోటు కూడా ఉండేది కాదు. ఒకసారి మొక్కు గుండు చేయించుకోబోతున్న ముసలాయన ఆమె చెయ్యి చూసి, తను లేచి నిలబడి సీటిచ్చాడు. తిరుత్తణి దాకా అలాగే ఊగుతూ నిలబడ్డాడు. దిగేటప్పుడు "నీ సామికి నా కోసరం కూడా చెప్పమ్మా" అన్నాడు. ఆరోజు ప్రార్థనలో ఆయన పేరు తెలియక, సీటిచ్చిన తాత అని చెప్పుకుంది.

హాస్టల్లో పిల్లలు ఆమె చేతిని చూసి మొదట జడిసినా తర్వాత మరిచిపోయారు. మూడు వేళ్ళ చేత్తో ఆమె సంగటి ముద్ద చేస్తే దానికొక వింత ఆకారం వచ్చేది. అది తమకే కావాలని పోట్లాడుకునేవారు. పిల్లలు నవ్వితే ఆమెకూ నవ్వు వచ్చేది. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, వంటింట్లో మళ్ళీ పాడసాగింది.

రైల్లోనే రత్నస్వామి పేరు పలికేది. వట్టి పేరుగా ఉన్నది కొన్నేళ్ళకు పెరిగింది. రత్నస్వామి దగ్గు. రత్నస్వామి బిడ్డ చదువు. కోకిల రెండో కాన్పు. అతను ఎదురుపడితే ఇప్పటికీ చూపు తిప్పుకునేవాడు. ఆమె మాత్రం చూడగలిగేది. ఒక ఆదివారం ప్రార్థనలో అందరితో పాటు చివరిదాకా చెప్పేసిన సంగతి ఇంటికి వచ్చాక గానీ గుర్తుకు రాలేదు.

అంతటితో అయిపోయిందనుకుంది.

ఎనభై మూడులో కోతలయ్యాక, కడంబత్తూరులోని తమ్ముడు ఒక మూట వడ్లు పంపించాడు. హాస్టలుకు సెలవు రోజు చూసి ఆమె ఆ మూటతో ధర్మలింగం గారి మిల్లుకు పోయింది. వేరే మిల్లు దూరం. ఆమె వంతు వచ్చేసరికి మధ్యాహ్నమయింది. రత్నస్వామి మోటారు ఆపి, "బెల్టు అరిగిపోయింది, ఎవురూ వెయ్యొద్దు" అని అందరికీ వినబడేలా చెప్పి, వెనక తొట్టి దగ్గరికి అన్నానికి పోయాడు. మిగతావాళ్ళూ లేచి పోయారు. కస్తూరమ్మ మూట పక్కనే కూర్చుంది.

అప్పుడు యజమాని బావమరిది ద్వారకనాథ్ వచ్చాడు. ఎవరివో వడ్లు తొందరగా ఆడించాలంటూ తనే స్విచ్చి వేసి, గేటు దగ్గరికి మాటలకు పోయాడు. కాసేపటికి బెల్టు జారి కీచుమంటూ రాపిడి పెట్టింది. నిప్పురవ్వలు తవుడు మీద పడ్డాయి. కస్తూరమ్మ అరిచేలోగా మంట లేచింది. మనుషులకు ఏమీ కాలేదు గానీ తవుడు కొట్టూ, పైకప్పూ కాలిపోయాయి.

పోలీసులు వచ్చారు. ద్వారకనాథ్ రత్నస్వామిని చూపించాడు.

"మోటారు ఆపకుండా తినడానికి పోయినాడు సార్. అజాగ్రత్త మనిషి."

"ఆపినా సార్, సత్తియంగా ఆపినా" అంటున్నాడు రత్నస్వామి. అతని మాట ఎవరూ వినడం లేదు. అతన్ని జీపెక్కించారు.

కస్తూరమ్మ అక్కడే ఉంది. నోరు తెరవలేదు. ఇప్పుడు తెలిసిందా, అనే మాట లోపల ఎక్కడి నుంచో లేచింది. అది తియ్యగా ఉంది. ఆ తీపికి ఆమెకే భయం వేసి, మూట కూడా వదిలేసి ఇంటికి వచ్చేసింది.

తంగరాజుకు చెప్పింది. అతను, "దేవుడే చూపించినాడు. నువ్వు నడమల పోవద్దు" అన్నాడు.

మర్నాడు మామూలుగా తిరుత్తణి బండెక్కింది. కిటికీ పక్క కూర్చుని కళ్ళు మూసుకుంది. రత్నస్వామి పేరు రాలేదు. మొదటి రోజుల్లో లాగే పళ్ళు బిగుసుకున్నాయి. బండి కడంబత్తూరులో ఆగగానే దిగేసింది. అవతలి ప్లాట్‌ఫారం మీదికి పోయి, తిరిగి పోయే బండి పట్టుకుంది.

పోలీసు స్టేషన్లో ధర్మలింగం గారు, ద్వారకనాథ్ కూడా ఉన్నారు. రత్నస్వామి ఒక మూల చతికిలబడి ఉన్నాడు. ఎస్.ఐ. అరవంలో అడిగాడు, ఆమె అరవంలోనే చూసింది చూసినట్టు చెప్పింది. ద్వారకనాథ్ ముఖం నల్లబడింది. ఎస్.ఐ. రత్నస్వామిని వదిలెయ్యమన్నాడు.

ధర్మలింగం గారు ఆశ్చర్యంగా తెలుగులో అన్నారు: "నీ చెయ్యి పోయినప్పుడు తప్పు నీదేనని చెప్పింది ఈ మనిషే గదా? ఈయన కోసరం వచ్చినావా?"

"అది వేరే సార్. మోటారు ఆపింది నేను చూసినా. చూసింది చెప్తా ఉండా."

మూలనుంచి రత్నస్వామి లేచాడు.

"ఆ పొద్దు కూడా ఆయమ్మ తప్పేం లేదు సార్. గడ్డి లాగమనింది నేనే. చూడకుండా మోటారు వేసింది నేనే. పని పోతాదని భయపడి అబద్ధం చెప్పినా." తర్వాత ఆమె వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించాడు.

ఈ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో. వచ్చినప్పుడు లోపల ఏదో పెద్దగా జరుగుతుందనుకుంది. ఏమీ జరగలేదు. పొద్దున ఏమీ తినలేదని మాత్రం గుర్తుకు వచ్చింది. "సరే రత్నన్నా, కోకిల ఏడస్తా ఉంటాది. బయల్దేరు" అంది.

ఈ సంగతి ఆమెకంటే ముందే వీధికి చేరింది. సాయంత్రం తంగరాజు పని నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఆసుపత్రిలో నిన్ను అడిగినా, గురుతుందా? నువ్వే పెట్టినావా అని."

"ఉంది."

"నువ్వు కాదన్నావు. నేను నమ్మలా. ఇన్నేండ్లూ నమ్మలా మే. నన్ను మన్నించు."

కస్తూరమ్మ నవ్వబోయింది. ఏడుపు వచ్చింది. స్టేషన్లో రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. రత్నస్వామి పేరు అన్నేళ్ళు పలికింది గానీ, పక్కన పడుకునే మనిషి మీద తనకు ఇంత కోపం ఉందని ఏనాడూ ఎరగదు. అటు తిరిగి పడుకోవడం అప్పటినుంచి అలవాటైపోయింది, అంతే.

"నీ మీద ఉండేది నాకే తెలీదు. కొన్నాళ్ళు పట్టేట్టుంది. నువ్వు ఉండు, యాడికీ పోవద్దు" అంది.

"యాడికి పోతాను" అన్నాడు తంగరాజు, కళ్ళు తుడుచుకుంటూ.

కోకిల మాత్రం మొగుడితో చాలా రోజులు మాట్లాడలేదు. తను ఏమీ తెలియక జడ అల్లిన ఏళ్ళన్నీ తలుచుకుని కుమిలిపోయింది. కలిసిపొమ్మని కస్తూరమ్మ ఆ పిల్లను తొందరపెట్టలేదు, పక్కన కూర్చుని పప్పు బాగుచేస్తూ వినేది. తర్వాత ఎప్పుడో ఒకరోజు ఆ ఇంట్లోంచి ఇద్దరి గొంతులూ కలిసి వినిపించాయి. కందిపప్పులో ఉప్పెక్కువైందని రత్నస్వామి అంటున్నాడు, తినకపోతే పొమ్మని కోకిల అంటోంది. గడపలో కూర్చున్న కస్తూరమ్మ ఆ పోట్లాట చెవులారా విని, "వందనాలు తండ్రీ" అనుకుని, పొయ్యి వెలిగించడానికి లోపలికి పోయింది.