ఫోటో లేని ముఖం

ఇరవై ఆరేళ్లు మా ఆయన పుక్కిలించడానికి రోజూ పొద్దున్నే ఉప్పునీళ్లు కాచాను. ఆయన పోయి నెలయినా, ఆ వేళకి పొయ్యి ముందు ఊరికే నిలబడుతున్నాను.

పగలు తాళాలు బాగుచేసి, శనివారాలు బ్లాక్ మెటల్ అనే అరుపుల సంగీతం వాయించే తన బ్యాండులో ముఖానికి నలుపూ తెలుపూ పూసుకుని అరిచేవారు. యాభైమంది వస్తే గొప్ప. గొంతులో కేన్సర్, అరవొద్దని డాక్టరు చెప్పినా, నేను కాళ్లు పట్టుకున్నా వినలేదు.

నిన్న వాళ్ల బ్యాండులోనే డ్రమ్ములు వాయించే మరిది వచ్చాడు.

“వదినా, మా బ్యాండు ఆఖరి క్యాసెట్ అట్ట మీద వేయడానికి అన్నయ్య రంగు ముఖం ఫోటో ఉందా?”

“రంగేసుకున్నాక ఫోటో దిగకూడదని నియమం పెట్టుకుంది మీరేగా, మహానుభావా!”

అతను ఉత్త చేతులతోనే వెళ్లిపోయాడు.

శనివారం రాత్రి ఆయన రంగు కడుక్కోకుండానే పడుకునేవారు. దిండు గలీబు మీద ఆ ముఖం అచ్చుపడేది. తిట్టుకుంటూ ప్రతిసారీ తెల్లగా ఉతికేశాను.

ఈరోజు చూస్తే ఆఖరి గలీబు మాసిన బట్టల బుట్ట అడుగున ఉంది. మిగతా బట్టలన్నీ ఉతికి ఆరేశాను. దాన్ని మాత్రం తడపలేదు.