జువ్వలదిన్నె క్యాసెట్

పాత రాక్ కచేరీల్లో ప్రేక్షకులు దొంగచాటుగా రికార్డు చేసిన క్యాసెట్లు సేకరించడం నా పిచ్చి. అదీ వాటిలో మోగే ఆనాటి కీబోర్డుల కోసమే. ఈ రోజు సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నెలో, ఒకప్పుడు ఓడలో వంట చేసిన పెంచలయ్య గారు విదేశీ రేవులో ఓ కచేరీకెళ్లి తాను రికార్డు చేసిన క్యాసెట్ తీశారు. టేపు నిండా బూజు. తుడిచి ప్లేయర్లో పెట్టాను. చప్పట్ల వెనక మెలోట్రాన్ అనే పాత కీబోర్డు ఒక్క స్వరం పలికింది. అంతలోనే టేపు చుట్టుకుని తెగిపోయింది.

"అతికిస్తే పలకదా అబ్బయా?" అన్నారాయన.

"టేపంతా బూజు తినేసిండాదన్నా."

"పోనీలే, ఆ పాట నాకు గుర్తుండాది" అంటూ కళ్లు మూసుకుని కూనిరాగం అందుకున్నారు. కాసేపటికే ఆగిపోయారు. "లేదబ్బయా, మర్చిపోయినా."

తెగిన క్యాసెట్ ఆయన చేతికిచ్చి వచ్చేశాను. ఉప్పుగాలి ఊళ్లలో క్యాసెట్లు దాచుకున్నవాళ్లూ, మీవైనా మోగుతున్నాయా?