బుకారెస్ట్ మార్కెట్లో మా బ్యాగు

సింగపూర్‌లో బుకిట్ బటోక్ ఫ్లాట్లలో ఏళ్ళ తరబడి ఉన్నవాణ్ణి కాబట్టి బుకారెస్ట్ నాకు మరీ కొత్తగా అనిపించలేదు. అవే పొడుగు బ్లాకులు. మావాటికి రంగులు వేస్తుంటారు, వీటికి కమ్యూనిస్టులు దిగిపోయాక ఎవరూ వేసినట్టు లేదు. ఒక్కో బాల్కనీకి ఒక్కో రకం అద్దాలు, ఎవరి ప్రభుత్వం వాళ్ళే పెట్టుకున్నట్టు. జనం మాత్రం నవ్వరు.

"నవ్వితే ఎవడో గూఢచారి రాసుకుంటాడని పాత భయం కాబోలు," అన్నాను మా ఆవిడతో.

"మీరు నోరు మూసుకుని నడవండి," అంది.

మధ్యాహ్నం మార్కెట్లో సూపు తాగుదామని ఒక బల్ల చూసుకున్నాం. మా సింగపూర్ హాకర్ సెంటర్లనే తిండి బజార్లలో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్తే అది మనది. చోప్ చేయడం అంటాం.

"టిష్యూలు పెట్టనా?"

"వీళ్ళు ముక్కు తుడుచుకుని పోతారు. బ్యాగు పెట్టు."

పెట్టింది. అందులో ఇద్దరి పాస్‌పోర్టులూ ఉన్నాయి. మర్నాడే తిరుగు ఫ్లైటు. సోమవారం ఆవిడ సెరంగూన్‌లో ఒక పిల్లల బడి వంటగదిలో చేరాలి. ఎన్నాళ్ళో తిరిగి సంపాదించుకున్న పని. ఆ రోజు రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామని ముందే చెప్పారు.

సూపు గిన్నెలతో తిరిగొచ్చేసరికి మా బల్ల చుట్టూ ఎవరూ లేరు. జనమంతా ప్లేట్లు పట్టుకుని గోడవారకు జరిగిపోయారు. మధ్యలో ఒక గార్డు చేతులు చాచి నిలబడ్డాడు.

"మాదే సార్," అని ముందుకెళ్ళాను. నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టి ఆపాడు.

"బాంబ్?" అన్నాడు.

నాలుక చివర జోకు సిద్ధంగా ఉంది. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. "ఒక్క మాట మాట్లాడారంటే మిమ్మల్ని ఇక్కడే వదిలేసి పోతా."

ఆవిడ ఒక్కతే వెళ్ళి బ్యాగు తెరవాలని గార్డు సైగ చేశాడు. శాలువా తీసింది, మందులు తీసింది. పాస్‌పోర్టులు తీయగానే అతను అందుకుని జేబులో పెట్టుకున్నాడు. చివరికి బ్రౌన్ టేపు చుట్టిన గుండ్రటి పొట్లం బయటికొచ్చింది. గోంగూర పచ్చడి సీసా. నూనె కారకుండా విమానం ఎక్కించే మనవాళ్ళెవరైనా చుట్టేది అలాగే. గార్డు రెండడుగులు వెనక్కి వేసి, విప్పమని వేలు చూపించాడు.

"టేపు చుట్టింది మీరు," అంది నా వైపు తిరక్కుండా. "కొస ఎక్కడుందండీ?"

"అడుగున. ఎడమ పక్క."

"లేదు."

"ఇంకాస్త కింద. గోరుతో గీకు."

టేపు చర్రుమంటే గోడ దగ్గర ఎవరో పిల్లను వెనక్కి లాక్కున్నారు. ప్లాస్టిక్ కవరు, దాని కింద పేపరు, మళ్ళీ కవరు. మూత తిప్పింది. వెల్లుల్లి ఘాటు మార్కెట్టంతా కొట్టింది. గార్డు వంగి వాసన చూసి, గట్టిగా తుమ్మి, పాస్‌పోర్టులు తీశాడు. ఫోటోలనూ మా మొహాలనూ మార్చి మార్చి చూశాడు. తొందర పడలేదు. చివరికి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని జాకెట్టులో దోపుకుంది.

జనం ఎవరి బల్లలకు వాళ్ళు వచ్చారు. ఒక ముసలావిడ మాత్రం మా దగ్గర ఆగి, సీసాకేసి రొట్టె ముక్క చాచింది. మా ఆవిడ స్పూనుతో పచ్చడి తీసింది. సగం బల్ల మీదే పడింది.